అమ్మమ్మ టేపు, పన్నెండడుగుల గది

అమ్మమ్మ ఎవరినీ నమ్మదు. ఇది ఆమె మీద చెబుతున్న చాడీ కాదు, అడిగితే ఆమే ఒప్పుకుంటుంది. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి. దుకాణంలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి నిమిషంలోనే ఒక అబద్ధం ఆడతారని ఆమె అనుభవం. "నా నడుం ముప్పై రెండేనండీ" అంటారు. పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, గోడ గడియారంకేసి అమాయకంగా చూస్తూ నిలబడతారు. అమ్మమ్మ తొందరపడదు. టేపు రెండు చేతుల్లో సాగదీసి పట్టుకుని, ఇంట్లో అందరూ బాగున్నారా, పిల్లలకి పరీక్షలయ్యాయా అని పరామర్శ మొదలుపెడుతుంది. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా. వదిలిన మరుక్షణం టేపు నడుం చుట్టూ ఉంటుంది.

తాతయ్య కూడా అలా దొరికినవాడే. కుర్రతనంలో చొక్కా కుట్టించుకోడానికి వచ్చి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడట. ఎంతసేపటికీ ఊపిరి వదల్లేదట. "పాపం, ఇంత మొండివాడు ఎక్కడ దొరుకుతాడు" అని పెళ్ళి చేసుకున్నానంటుంది అమ్మమ్మ.

చిత్రమేమిటంటే, అబద్ధం బయటపడ్డవాళ్ళు కూడా అమ్మమ్మ చెప్పిన అంకె విని మొహం వెలిగిపోతూ వెళ్ళేవారు. "నయం, నేననుకున్నంత లావు లేను" అనుకుంటూ. వేరే దర్జీలు వీధికొకడు ఉన్నా జనం ఇక్కడికే ఎందుకొస్తారో ఎవరికీ అంతుబట్టేది కాదు. చేతిపనితనం అనుకునేది అమ్మమ్మ.

ఆ టేపు ఒకప్పుడు పసుపుపచ్చగా ఉండేదట. ఇప్పుడు ఎక్కువసేపు మరిగిన టీ రంగు. రెండు కొసలకీ ఇత్తడి బిళ్ళలు. మిషను కొన్న రోజునే కొన్నది. అన్నం తినేటప్పుడు కూడా మెళ్ళోంచి తీయదు. "మనుషులకి నోరుంది కాబట్టి అబద్ధాలాడతారు. దీనికి నోరు లేదు" అంటుంది.

మిషను కొన్న రోజు అన్నానుగానీ, అది ఆమె రెండో మిషను. మొదటిది ఊరికే వచ్చింది. అనుమానాలకి విత్తనం పడింది అక్కడే. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక కాంట్రాక్టరు ఇంటికొచ్చి, "అమ్మాయ్, మిషను ఉచితం, ఇక్కడో సంతకం పెట్టు చాలు" అన్నాడు. పెట్టింది. కాగితం వెనక్కి తిప్పి చూడలేదు. మూడేళ్ళు అతనికి తప్ప ఇంకెవరికీ కుట్టకూడదని, అతను చెప్పిన కూలికే కుట్టాలని వెనక రాసుంది. మూడేళ్ళూ స్కూలు పిల్లల నిక్కర్లు కుట్టింది. నిక్కరు అన్న మాట వినిపిస్తే ఇప్పటికీ లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతుంది. అప్పట్నించీ ఏ కాగితం చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. కరెంటు బిల్లయినా, క్యాలెండరు చించిన కాగితమైనా, మందుల చీటీ అయినా.

అలాంటి అమ్మమ్మ ఇంటికి యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

వచ్చింది ఆమెకి కాదు, మనవరాలికి. మనవరాలి అమ్మానాన్నలు వేరే ఊళ్ళో ఉద్యోగాలు చేస్తారు. బొమ్మల చదువు కోసం అమ్మాయి అమ్మమ్మ దగ్గర ఉంటోంది. యూనివర్సిటీ కాగితాల్లో సంరక్షకురాలు అన్నచోట అమ్మమ్మ పేరే ఉంది. ఈ పిల్లని అమ్మమ్మ ఎలుక అని పిలుస్తుంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చి మిషను కింద దూరి, కత్తిరించి పడేసిన గుడ్డముక్కలన్నీ మూలకి లాక్కుపోయేది. ఇప్పుడూ అదే పని. కాకపోతే ఆ ముక్కల్ని కుట్టి బొమ్మలు చేస్తుంది, దానికి మార్కులేస్తారు.

ఎలుక ఉత్తరం తెచ్చి చదివింది. చిత్రకళ విద్యార్థుల సహాయ నిధి వాళ్ళు ఈ ఏడు ఎలుకని ఎంచుకున్నారు. ఏడాదిపాటు పాత బిల్డింగులో ఒక గది, పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తాళంచెవితో సహా. రంగులు, గుడ్డ, దారం వాళ్ళవే. నెలనెలా ఖర్చులకి ఇంత. చివర్లో ఒక ప్రదర్శన. సంరక్షకులు శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఆఫీసుకొచ్చి గుమాస్తా ఎదుట సంతకం చేయాలి. లేకపోతే వరసలో తర్వాతి విద్యార్థికి ఇచ్చేస్తారు.

"పైగా తిరిగి చెల్లించనవసరం లేదు అని రాశారమ్మమ్మా!" అంది ఎలుక.

ఆ ఒక్కమాటా చదవకుండా ఉంటే సరిపోయేది.

"ఏదీ, ఇటు తే" అంది అమ్మమ్మ. కాగితాలు తీసుకుని వెనక్కి తిప్పింది. ఖాళీ. దీపం దగ్గర పెట్టి చూసింది. ఖాళీ. "ఎవరే వీళ్ళు? నీకూ వాళ్ళకీ ఏం చుట్టరికం?"

"గుండీల ఫ్యాక్టరీ ఆయన ఎవరో పోతూపోతూ పెట్టిన నిధి అట."

"ఏ గుండీలు?"

ఎలుక ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పింది. అమ్మమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"వాళ్ళా! అట్ట మీద పది గుండీలని ఉంటుంది, లెక్కెడితే తొమ్మిది! ఎన్నేళ్ళు కొన్నాను వాళ్ళ దగ్గర! చొక్కాకి పదో గుండీ కోసం పాత బట్టలు వెతుక్కున్న రోజులున్నాయి. గుండీ ఎగ్గొట్టినవాడు గది ఇస్తాడా?"

"ఆయన పోయి చాలా ఏళ్ళయిందమ్మమ్మా."

"పోతే మాత్రం? పద్ధతి పోతుందా?"

అంతటితో ఆగలేదు. కాగితాల అడుగున చిన్న అక్షరాలు చూసింది. ఒకటి బై నాలుగు, రెండు బై నాలుగు, మూడు బై నాలుగు. "నాలుగోది ఏది?"

ఎలుక సంచి వెనక్కి జరిపింది. "అందులో ఏం లేదు. సంతకాలవీ... సంచిలో ఉంది."

"ఏం లేకపోతే సంచిలో ఎందుకుంది?"

"అమ్మమ్మా, ముందు గది చూద్దువుగాని. తర్వాత చూపిస్తా. ఒట్టు."

ఎలుక పరిస్థితి ఇదీ. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ముందుగది దుకాణం, వెనకగది మంచం, వంట, చదువు అన్నీ. మంచమంత గుడ్డ పరిచి పనిచేద్దామంటే మంచం మీదే పరవాలి, అమ్మమ్మ పడుకునేలోపు మడతపెట్టాలి. సాయంత్రాలు జెరాక్సు షాపులో పని. చదువుకి ఇక ఆఖరి సంవత్సరమే మిగిలింది. ఈ గది దొరక్కపోతే మోకాలంత బొమ్మలు నాలుగు కుట్టి పట్టా తీసుకుని, జెరాక్సు మిషను దగ్గరే నిలబడిపోతానని ఆ పిల్ల భయం. ఈ సంగతి అమ్మమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా రోజూ మంచం మీద దుప్పటి కింద అమ్మమ్మకి సూదులు దొరుకుతూనే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మమ్మ దుకాణానికి తాళం వేసింది. "కొలతకి వెళ్ళాను" అని అట్టముక్క మీద రాసి తగిలించింది. మెళ్ళో టేపు వేసుకునే బయల్దేరింది.

ఆఫీసులో గుమాస్తా కుర్చీలో కూర్చుని రబ్బరుస్టాంపు తుడుచుకుంటున్నాడు. ముప్పై దాటని మనిషి, చొక్కా కాలరు ఒకవైపు లేచింది. అమ్మమ్మ ముందు కాలరు చూసింది, తర్వాత మనిషిని.

"రండి మామ్మగారూ, సంతకానికేనా?"

"సంతకం సంగతి తర్వాత బాబూ. ఊరికే ఎందుకిస్తున్నారు?"

"అమ్మాయి బాగా చేసింది కాబట్టి."

"బాగా చేసినవాళ్ళందరికీ ఇస్తారా?"

"అందరికీ ఎలా ఇస్తారండీ? ఏడాదికి ఒక్కరికే."

"మరి ఒక్కరికే అయితే మా పిల్లకే ఎందుకిచ్చారు? మాకు తెలిసినవాళ్ళెవరూ లేరే ఇక్కడ!"

గుమాస్తా స్టాంపు కింద పెట్టాడు. "మామ్మగారూ, ఐదేళ్ళుగా చూస్తున్నా. ఇవ్వలేదని గొడవకొచ్చినవాళ్ళున్నారుగానీ, ఇచ్చారని గొడవకొచ్చింది మీరే."

"సంతకం ఏ పేజీలో పెట్టాలి?"

"నాలుగోదాంట్లో."

అమ్మమ్మ ఎలుకకేసి చూసింది. అమ్మమ్మ తిడితే భయం లేదు, ఏమీ అనకపోతేనే భయం. ఎలుక సంచి రెండు చేతులతో కావలించుకుంది.

గది చూపించడానికి డిపార్ట్‌మెంటు వడ్రంగి వచ్చాడు. కాన్వాసులకి చట్రాలు బిగించే మనిషి, చెవిలో పెన్సిలు, జుట్టు నిండా రంపంపొట్టు. పాత బిల్డింగులో పొడుగాటి వరండా చివర గది తలుపు తీశాడు. లోపల ఒక కిటికీ, ఒక బల్ల, ఒక ఎత్తు స్టూలు. నేల మీద రకరకాల రంగుచుక్కలు. గోడంతా మేకుల చిల్లులు. ఎలుక గుమ్మం దగ్గరే ఆగిపోయింది, గుళ్ళోకి వచ్చినట్టు. కిటికీలోంచి పడ్డ వెలుగు నేల మీద సరిగ్గా మంచమంత ఉంది.

అమ్మమ్మ వెలుగు చూడలేదు. మెళ్ళోంచి టేపు తీసింది.

"ఎలకా, ఆ కొస పట్టుకో."

గోడమూల నుంచి మొదలుపెట్టింది. ఒక టేపు, ఐదడుగులు. సుద్దతో గీత. రెండో టేపు, పదడుగులు. గీత. మిగిలింది కొలవడానికి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇరవైన్నర అంగుళాలు. మళ్ళీ కొలిచింది. ఇరవైన్నరే. ఈసారి వడ్రంగి చేత కొస పట్టించి కొలిచింది.

"పదకొండడుగుల ఎనిమిదిన్నర!" అంటూ లేచింది. అరవయ్యేళ్ళ మోకాళ్ళు కటకటమన్నా పట్టించుకోలేదు. "కాగితంలో పన్నెండని రాశారు. మూడున్నర అంగుళాలు ఏవీ? చూశావుటే? చెప్పానా లేదా? అట్టకి తొమ్మిది గుండీలు! వీళ్ళు మారరు!"

ఆమె మొహంలో ఆనందం చూడాలి. ఏళ్ళ తరబడి వెతుకుతున్న దొంగని చొక్కా పట్టుకుని నిలబెట్టినట్టుంది.

"మూడున్నర అంగుళాలు తగ్గితే ఏమవుతుందమ్మమ్మా?" అంది ఎలుక. "నాకు చాలు. పదడుగులున్నా చాలు."

"చాలడం కాదే. మొదటి అంకెలోనే అబద్ధమాడినవాడు తర్వాత ఏం రాశాడో ఎవరికి తెలుసు? నాలుగో పేజీ దాచుకున్నావు, అందులో ఇంకెంత ఉందో! నేను పెట్టను సంతకం."

ఎలుక స్టూలు మీద కూలబడింది. వడ్రంగి ఇద్దర్నీ చూశాడు. బుర్ర గోక్కున్నాడు, కాస్త పొట్టు రాలింది.

"అక్కా, ఒక మాట. ఈ గది బల్ల నేనే చేశాను. అప్పుడు గది కొలిచాను, గోడ నుంచి గోడకి పన్నెండు. నాకు బాగా గుర్తు."

"నీ గుర్తు నాకెందుకు తమ్ముడూ? టేపు చెబుతోంది."

"నా దగ్గరా ఉందిగా టేపు." జేబులోంచి ఉక్కు టేపు తీసి సర్రున లాగాడు. ఆ మూల నుంచి ఈ మూలకి. బొటనవేలితో నొక్కిపెట్టి, "చూసుకోండి" అన్నాడు.

పన్నెండు. సరిగ్గా.

"అది ఆఫీసు టేపు. ఆఫీసు పాటే పాడుతుంది."

"కాదక్కా, నాదే. మా ఆవిడ కొనిచ్చింది."

అమ్మమ్మ తన టేపు కూడా విప్పింది. "సరే. పక్కపక్కన పెడదాం. దేని బండారం బయటపడుతుందో చూద్దాం."

బల్ల మీద ఉక్కు టేపు పరిచారు. దాని పక్కన అమ్మమ్మ టేపు, ఇత్తడి బిళ్ళకి బిళ్ళ ఆనించి. పది దగ్గర పెద్ద తేడా కనబడలేదు. ముప్పై దగ్గర ముప్పావు అంగుళం తేడా. అమ్మమ్మ వేలు గీతల మీద నెమ్మదిగా జరుగుతూ వెళ్ళింది. చివరికి ఆమె టేపు మీద అరవై అన్న అంకె, ఉక్కు టేపు మీద అరవై ఒకటిన్నర దగ్గర కూర్చుంది.

అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అరవై ఒకటిన్నరే.

గుడ్డటేపు సాగుతుంది. రోజుకి పాతిక నడుముల చుట్టూ బిగిస్తే, మెళ్ళో వేలాడితే, తడి చేత్తో లాగితే, ఏడాదికి సూది మందం సాగినా నలభై ఏళ్ళకి ఒకటిన్నర అంగుళం. ఈ సంగతి ఏ దర్జీనడిగినా చెబుతాడు. అమ్మమ్మకీ తెలుసు. వేరేవాళ్ళ టేపులు సాగుతాయని తెలుసు.

వడ్రంగి ముందు తేరుకున్నాడు. "అదీ సంగతి! మీ దుకాణం మార్కెట్టు వెనక సందులోదేనా? అందుకేనన్నమాట మా ఆవిడ మీ దగ్గరే కుట్టించుకుంటానని పట్టు! ఇరవయ్యేళ్ళుగా నా నడుం మారలేదండీ అంటుంది!"

ఎలుక నవ్వాపుకోలేక సంచిలో మొహం దాచుకుంది. అమ్మమ్మ నవ్వలేదు. టేపు వేళ్ళకి చుట్టుకుంటూ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

"మరి ఒక్క బట్టా తేడా రాలేదే" అంది తనలో తనే అన్నట్టు.

"ఎందుకొస్తుంది?" అంది ఎలుక. "మనిషినీ దాంతోనే కొలిచావు, గుడ్డనీ దాంతోనే కొలిచావు."

నలభై ఏళ్ళు ఊళ్ళో ప్రతివాడి ఊపిరినీ కాపలా కాసింది. మెళ్ళో ఉన్నదాన్ని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. అప్పటికి నాలుగు దాటింది.

"నాలుగో పేజీ తియ్యి" అంది.

ఎలుక సంచిలోంచి మడతలుపడ్డ కాగితం తీసింది. ఈసారి అమ్మమ్మ వెనక్కి తిప్పలేదు. ముందువైపే చదవమంది. ఎలుక గబగబా చదివింది. సహాయం పొందిన విద్యార్థి తన పనుల్లో ఒకదాన్ని నిధివారికి ఇవ్వాలి. దాన్ని వాళ్ళ హాల్లో శాశ్వతంగా వేలాడదీస్తారు. ఎంపిక సమయంలో చూపిన వాటిలోంచి 'అమ్మమ్మ వీపు' అన్నదాన్ని వాళ్ళు కోరుతున్నారు.

"ఎవరి వీపు?"

"నీదే. మిషను దగ్గర కూర్చున్నప్పుడు వెనకనుంచి. నువ్వు ఫొటోలంటేనే ఒప్పుకోవు కదా. పరాయివాళ్ళ గోడ మీద వేలాడదీస్తారంటే కాగితం చింపేస్తావని..."

"దీనికా దాచావు?"

ఎలుక తలూపింది.

అమ్మమ్మ పొడుగ్గా ఊపిరి వదిలింది. "పిచ్చి మొహమా! మొన్నట్నించీ నేను వెతుకుతున్నది ఇదే కదే! ఊరికే ఇస్తామంటే నాకు నిద్రపట్టలేదు. ఇదిగో, ఏదో ఒకటి అడుగుతున్నారు. అడిగేదేదో మొహం మీద అడుగుతున్నారు. ఈ కాగితం మొదటిరోజే చూపించి ఉంటే దుకాణం మూసుకుని ఇంతదూరం వచ్చేదాన్నా?" కాగితం మడిచింది. "ఎక్కడుంది అది?"

పక్క హాల్లోనే ఉంది. మనిషంత గుడ్డ. చొక్కాముక్కలు, లైనింగు ముక్కలు, కాలర్లు కత్తిరించగా మిగిలిన వంపులు, అన్నీ కలిపి కుట్టిన ఒక వీపు. కాస్త కుడివైపు ఒరిగిన భుజం. మెడ దగ్గర టీరంగు పట్టీ ఒకటి కిందికి వేలాడుతోంది. అమ్మమ్మ దగ్గరికెళ్ళి ముందు కుట్టు చూసింది. గుడ్డ అంచు ఎత్తి వెనక కూడా చూసింది, అలవాటు పోదు కదా. ఒక నీలంగళ్ళ ముక్క మీద వేలు ఆగింది.

"ఇది తాతయ్య చొక్కాది."

"ఊఁ."

"ఊపిరి వదలకుండా కుట్టించుకున్నది" అంది అమ్మమ్మ. వేలు తీయలేదు. తర్వాత భుజం ముక్క పట్టి చూసింది. "భుజం దగ్గర కుట్టు వంకరపోయింది. ఇలాగే ఇస్తావా వాళ్ళకి? విప్పి మళ్ళీ కుట్టు. పరువు పోతుంది."

"వాళ్ళకి అదే నచ్చిందట."

"వాళ్ళకి గుండీలే లెక్కపెట్టడం రాదు, కుట్లేం తెలుస్తాయి!"

ఐదుకి పావు తక్కువకి ఆఫీసుకి వెళ్ళారు. గుమాస్తా కాగితం ముందుకి జరిపాడు. అమ్మమ్మ చదివి, ఇంకోసారి చదివి, నిదానంగా సంతకం చేసింది. స్టాంపు పడింది. తాళంచెవి ఎలుక చేతికొచ్చింది. ఆ పిల్ల దాన్ని గట్టిగా పట్టుకుంది, మళ్ళీ లాక్కుంటారేమో అన్నట్టు. అనుమానం అంటువ్యాధి.

"ఇంకేమైనా అనుమానాలున్నాయా మామ్మగారూ?" అన్నాడు గుమాస్తా.

"ఒకటుంది. ఆ నిధివాళ్ళు ఎప్పుడైనా వస్తే అడుగు బాబూ. పదో గుండీ ఏమైందో అడుగు. అది మాత్రం టేపుతో లెక్కపెట్టింది కాదు." లేవబోతూ అతని కాలరుకేసి చూసింది. "ఆ చొక్కా రేపు పట్రా. లోపల పట్టీ తిరగబడింది."

ఆ రాత్రి అమ్మమ్మ సొరుగులోంచి ఒక కొత్త టేపు తీసింది. ఎవరో ఎప్పుడో ఇచ్చింది, చుట్ట కూడా విప్పలేదు. చూసి మళ్ళీ సొరుగులోనే పెట్టేసింది. కొలతల పుస్తకంలో ఉన్న అంకెలన్నీ పాత టేపువి. పైగా కొత్తదాంతో కొలిస్తే రేపొద్దునకల్లా వీధిలో అందరూ లావైపోతారు. ముందుగా వడ్రంగి భార్య. ఆ పాపం తనకెందుకు అంది.

సోమవారం ఎలుక గది నుంచి వచ్చి, కిటికీకి తెర కావాలంది. "పొడవు కొలుచుకొచ్చాను, సరిగ్గా అరవై."

"దేంతో కొలిచావు?"

"వడ్రంగి మామ ఉక్కు టేపుతో."

"చెల్లదు" అంది అమ్మమ్మ కత్తెర కింద పెట్టి. "దాంతో కొలిచి దీంతో కత్తిరిస్తే తెర కిందికి జారుతుంది. కిటికీ నేనే వచ్చి కొలుస్తాను, నా టేపుతో. రేపు వస్తాను. ఎల్లుండి కూడా రావాల్సి ఉంటుందేమో, కిటికీని ఒక్కసారి చూసి నమ్మలేం."